చంద్రుణ్ణి ఉడకబెట్టే బట్టీ

డ్రిల్లు మాస్టారికి ఉన్నది ఒక్కటే అలవాటు. సాయంత్రమయ్యేసరికి రొట్టెల కొట్టు ముందు నిలబడి, బట్టీ ఆర్పెయ్యమని పోట్లాడాలి. కాఫీ పడకపోతే కొందరికి తల పట్టేసినట్టు, ఆ పోట్లాట పడకపోతే ఆయనకి అన్నం సహించదని వీధిలో అందరూ అనుకునేవారు. పైగా ఆ పోట్లాట అద్దె గురించో గోడ గురించో కాదు. చంద్రుడి గురించి.

“అమ్మాయ్! నీ బట్టీ మూలంగా చంద్రుడు ఉడికిపోతున్నాడు! వినపడుతోందా?”

వినపడకేం? బడి మైదానానికి ఈ చివర నిలబడి, ఆ చివరి వరసలో చొక్కా గుండీ పెట్టుకోని కుర్రాణ్ణి సరిచేసిన గొంతు అది. మాస్టారు రిటైరయ్యాడు గానీ గొంతు రిటైరవలేదు. ఆయన మామూలుగా “బాగున్నావా?” అని పలకరించినా ఎదుటి మనిషి తనకి తెలియకుండానే మడమలు దగ్గర పెట్టుకుని నిలబడేవాడు.

కొత్తగా ఆ దారిన పోయేవాళ్ళు ఆ కేక విని ముందు ఆకాశంకేసి చూసేవారు. తరవాత కొట్టుకేసి, ఆ తరవాత మాస్టారికేసి. అంతా చూశాక ఇక కదలబుద్ధి కాదు. అక్కడే నిలబడిపోయేవారు.

కొట్టు నడిపే మనిషిని అందరూ రొట్టెలావిడ అంటారు. చిన్నప్పటినుంచీ పరాయివాళ్ళ బట్టీల దగ్గరే రొట్టె కాల్చింది. ఏ ట్రే ఎప్పుడు లోపలికి తొయ్యాలో, ఏది ఎప్పుడు బయటికి లాగాలో ఆమె చేతులకి తెలుసు. భర్త లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు. ఇద్దరూ కూడబెట్టిందంతా ఈ కొట్టులో, అందులోనూ వెనక గదిలో ఇటుకలతో కట్టించిన గ్యాసు బట్టీలో పోశారు. రేపు కొట్టు ఎత్తేయాల్సి వస్తే బల్లలు మోసుకుపోవచ్చు, అద్దాల బీరువా మోసుకుపోవచ్చు. బట్టీని మోసుకుపోలేరు. పగలంతా ఆ సంగతి ఆమెకి గుర్తుండేది కాదు. పక్కమీద వాలగానే గుర్తొచ్చేది.

కొట్టు ఉన్నది మలుపు తిరిగాక లోపల. పెద్ద రోడ్డు మీద పోయేవాళ్ళకి కనపడదు. తెరిచిన మొదటి వారం బీరువా పొద్దున్నా నిండుగానే ఉండేది, సాయంత్రమూ నిండుగానే ఉండేది. గల్లాపెట్టె దగ్గర కూర్చునే అత్తగారు, ఈగలు తోలడానికి తెచ్చుకున్న విసనకర్రతో తననే విసురుకుంటూ, “ఈగలు కూడా రావడం లేదే అమ్మాయ్, ఏం పెట్టావు ఇందులో?” అనేది.

అలాంటి ఒక సాయంత్రం, తెల్ల చొక్కా తెల్ల ప్యాంటు వేసుకుని, మెడలో ఈలతో, చేతిలో ఏదో ఫోటోతో ఒక పెద్దమనిషి వడివడిగా కొట్టుకేసి వచ్చాడు. రొట్టెలావిడ ముఖం విప్పారింది.

“రండి, రండి. ఏం కావాలి?”

“మీ పొగగొట్టం కావాలి. దాన్ని అక్కణ్ణించి తీసెయ్యాలి.”

అత్తగారు విసనకర్ర ఆపింది. “ఒక బన్ను తింటూ మాట్లాడండి బాబూ. వేడిగా ఉన్నాయి.”

“శత్రువు బన్ను తినను!”

ఆయన చేతిలో ఫోటో బల్లమీద పెట్టాడు. నల్లటి కాగితం మధ్య తెల్లగా, అంచుల్లేకుండా, పాలలో నానిన బిస్కెట్టులాంటిదేదో ఉంది. అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఏముందండీ ఇందులో?”

“ఏమీ లేదు! అదే నా గోడు. ఇందులో కొండలుండాలి. వరసగా గుంతలుండాలి. ఒక పెద్ద లోయ ఉండాలి. ఏవి?”

“మమ్మల్నడుగుతారేంటి? మేం తియ్యలేదు.”

గొడవ వినపడి జనం చేరారు. ఎదురింటి దర్జీ మెడలో టేపుతో సహా వచ్చాడు. పంక్చర్లు వేసేవాడు చేతిలో ట్యూబుతోనే వచ్చాడు. మాస్టారు వాళ్ళందరికీ వినపడేలా తన ఫిర్యాదు చెప్పుకున్నాడు. కొట్టు వెనక గోడకి అవతలిది ఆయన పెరడు. పెరట్లో టెలిస్కోపు. దానికి కెమెరా బిగించి చంద్రుడి మీది గుంతల్నీ గుట్టల్నీ ఫోటోలు తీస్తాడు. పొద్దువాలాక చంద్రుడు సరిగ్గా ఈ పొగగొట్టం మీదుగానే దిగుతాడు. గొట్టంలోంచి లేచే వేడికి గాలి మరుగుతుంది. ఆ గాలి అడ్డం పడి చంద్రుడు ఉడికిపోతాడు.

“పొగ ఎక్కడుందండీ? గ్యాసు బట్టీ. చూడండి పైకి, చుక్క పొగ లేదు,” అంది రొట్టెలావిడ.

“పొగైతే నేనే ఊదేసేవాణ్ణి. వేడమ్మా, వేడి! నమ్మవా? రా, వచ్చి నీ కళ్ళతో నువ్వే చూసుకో.”

పంతం కొద్దీ ఆమె వెళ్ళింది.

పెరట్లో టెలిస్కోపు నీళ్ళ పైపంత లావున ఉంది. దాన్ని మాస్టారే చేసుకున్నాడట. కాళ్ళు మూడూ బడిలో పాడైన హైజంపు స్తంభాలు. ఆయన ముందు ఒక ఈల వేశాడు. వంటింట్లో లైటు ఆరింది. రెండు ఈలలు వేశాడు. పెరటి లైటు ఆరింది.

“మూడు ఈలలు వేస్తే?” అని అడిగింది రొట్టెలావిడ.

“మూడు వేస్తే నేనొచ్చి ఈల లాక్కుంటాను,” అంది లోపల్నించి మాస్టారి భార్య.

సంజ వెలుతురు ఇంకా పూర్తిగా పోలేదు. పడమటి వైపు ఇంకా సగం కూడా నిండని చంద్రుడు. రొట్టెలావిడ పీటమీద కూర్చుని కంటిని గాజుకి ఆనించింది. మొదట ఏదో తెల్లగా కొట్టుకుంది. సర్దుకుని చూస్తే, మరిగే నీళ్ళ గిన్నె అడుగున కనపడే నాణెంలా చంద్రుడి అంచు వణుకుతోంది. గుంతలు సాగుతున్నాయి, ముడుచుకుంటున్నాయి, ఒకదానిలోకి ఒకటి కారిపోతున్నాయి. ఇంతలో ఎందుకో ఒక్క క్షణం అంతా నిలబడింది. గుండ్రటి గోడ, గోడ లోపల నల్లటి నీడ, నీడ మధ్యలో సూదిమొనంత వెలుగు. మళ్ళీ వణుకు మొదలైంది.

“అదేంటి? మధ్యలో అంత మెరిసిందీ?”

“కొండ. గుంత అడుగున లేచిన కొండ. గుంతంతా ఇంకా చీకటి, దాని కొసకి మాత్రం ఎండ తగిలింది. చూశావా! చూసింది! నువ్వు చూశావుగా!” మాస్టారు పెరడంతా తిరిగాడు. పరుగు పందెంలో తన బడి గెలిచినట్టుంది ఆయన ముఖం.

రొట్టెలావిడ చూపు మాత్రం ఆ వణుకు దగ్గరే ఆగింది. అది తనకి బాగా తెలిసిన వణుకు. బట్టీ మూతి దగ్గర గాలి సరిగ్గా అలాగే కదిలితే అప్పుడు మొదటి ట్రే లోపలికి తోస్తుంది. అది లేనిదే రొట్టె లేదు. ఆ మాటే చెప్పింది.

“అయితే నీకు కావలసిందే నాకు పనికిరాదన్నమాట. ఆర్పెయ్.”

“పిండి పొంగింది మాస్టారూ. ఆగదు.”

“చంద్రుడు ఆగుతాడా?”

“రేపు మళ్ళీ వస్తాడుగా?”

“రేపు వచ్చేవాడు వేరమ్మా! రేపటికి ఎండ ఇంకాస్త ముందుకి జరుగుతుంది. ఇవాళ నీడ పడ్డ కొండకి రేపు నీడుండదు. ఇవాళ్టి చంద్రుడు ఇవాళ్టికే.”

“మా రొట్టె కూడా అంతే. రేపటికి ఎవరూ కొనరు.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రొట్టెలావిడ కొంగు దులుపుకుని వచ్చేసింది.

కొట్టులో అత్తగారు కొత్తగా కనపడింది. విసనకర్ర పక్కన పెట్టి చిల్లర సర్దుతోంది. “నువ్వెళ్ళాక వీళ్ళంతా ఊరికే నిలబడలేక తలా ఒక బన్ను కొన్నారే. దర్జీ రెండు కొన్నాడు. ఆ వెర్రిబాగులాయన రేపూ వస్తాడా?”

మర్నాడు రాలేదు. ఆ మర్నాటి నుంచి మానలేదు.

అది మొదలు, సాయంత్రమైతే మాస్టారు అదే ఫోటో పట్టుకుని కొట్టు ముందు హాజరు. చంద్రుడు ఉడికిపోతున్నాడని మొదలుపెట్టి, మెల్లగా ఫోటోలోకి దిగేవాడు. ఇక్కడ గుంత ఉండాలి, ఇక్కడ సముద్రం ఉండాలి అని వేలితో చూపిస్తూ లేని ఊళ్ళన్నీ తిప్పేవాడు. దర్జీకి ఆ సముద్రం దగ్గరే పేచీ.

“సముద్రమంటున్నారు, నీళ్ళుంటాయాండీ?”

“చుక్కుండదు. నల్లటి మైదానం. దూరానికి అలా కనపడి పూర్వం ఎవరో ఆ పేరు పెట్టారు.”

“నీళ్ళు లేకపోతే సముద్రమని ఎలా రాస్తారండీ, అన్యాయం కాదూ?”

“నీ కొట్టు బోర్డు మీద ‘ఒక్క రోజులో కుట్టి ఇస్తాం’ అని ఉంది. నా ప్యాంటు నీ దగ్గరికొచ్చి ఎన్నాళ్ళైంది?”

దర్జీ టేపు సర్దుకుని గుంపు వెనక్కి వెళ్ళాడు.

ఇంకో రోజు పంక్చర్లవాడు, పున్నమి చంద్రుడి ఫోటో తీయొచ్చుకదా, పెద్దగా అందంగా ఉంటాడుగా అన్నాడు. మాస్టారు నుదురు కొట్టుకున్నాడు. “నీ మొహం మీద టార్చి కొట్టి ఫోటో తీస్తే ఎలా ఉంటావు? సున్నం కొట్టిన గోడలా ఉంటావు. ఎండ పక్కనుంచి పడాలి నాయనా! అప్పుడు ప్రతి గుంతకీ నీడ పడుతుంది. నీడ పడితేనే లోతు తెలుస్తుంది. పున్నమినాడు చంద్రుడంత బోడి మొహం ఇంకొకటి లేదు.” ఆ తరవాత చాలాకాలం ఆ వీధిలో పున్నమి వెన్నెలని ఎవరైనా మెచ్చుకుంటే, పక్కవాళ్ళు అటూ ఇటూ చూసి మెల్లగా అనమనేవారు.

ఒకసారి రొట్టెలావిడ ఆయన్ని పట్టేసింది.

“మాస్టారూ, ఇవాళ అమావాస్య.”

ఒక్క క్షణం తడబడ్డాడు. “తెలుసు. అసలు చంద్రుడు లేనిరోజే ఆయన తరఫున మాట్లాడాలి. ఉన్నరోజు ఆయనే చూసుకుంటాడు.”

“మొన్న వానలో కూడా వచ్చారు.”

“గొడుగేసుకున్నాను కదా.”

“మీ సంగతి కాదండీ. వానలో చంద్రుడెక్కడున్నాడు?”

“మబ్బు వెనక ఉడుకుతున్నాడు!” అని అరిచి, నవ్విన జనాన్ని ఈలతో అణిచాడు.

అత్తగారు ఈ గొడవని మొదటిరోజే అర్థం చేసుకుంది. “ఆయన వచ్చే వేళకి సరిగ్గా వేడి బన్నుల ట్రే బయటికి తియ్యవే. వాసనా కేకా ఒక్కసారి తగలాలి,” అని కోడలికి నేర్పింది. మాస్టారు గొంతు తగ్గించినప్పుడల్లా, “ఏమన్నారు బాబూ? వెనకవాళ్ళకి వినపడలేదట,” అని ఎగదోసేది. రొట్టెలావిడకి ఇది కొంచెం పాపంగానే అనిపించేది. తన బాధ చెప్పుకోవడానికొచ్చిన మనిషిని అడ్డం పెట్టుకుని అమ్ముకోవడమేంటి అనుకునేది. కానీ బీరువా ఖాళీ అవుతోంది. పిండి ఇంకాస్త ఎక్కువ కలపాల్సి వస్తోంది. పాపం సంగతి తరవాత చూద్దామనుకుంది.

ఇటు మాస్టారు కొట్టు ముందు అరుస్తుంటే, అటు వెనక గోడ మీదుగా ఆయన భార్య తల కనపడేది. “మొదలుపెట్టారా? అయితే ఒక బ్రెడ్డివ్వమ్మా, త్వరగా. ఇంటికొచ్చి చూశారంటే శత్రువు బ్రెడ్డని ముట్టుకోరు. ముక్కలు చేసి పెట్టాననుకో, ఎవరిదని అడగరు.”

“ఆయనకి మా మీద అంత కోపమేంటండీ?”

“కోపమా?” అని ఆవిడ ఏదో అనబోయి, బ్రెడ్డు చంకలో పెట్టుకుని దిగిపోయింది.

ఈ వ్యవహారంలో నష్టపోయినవాడు ఒక్కడే. వీధి సంఘం కార్యదర్శి. ఆయన గేటు కొట్టు పక్కనే. సరిగ్గా ఆయన కారు బయటికి తీసే వేళకి గేటు ముందు జనం చంద్రుడి గురించి వాదించుకుంటూ ఉండేవారు. హారన్ కొడితే, “ఒక్క నిమిషం సార్, లోయ దగ్గరున్నాం,” అనేవారు. ఆయన మర్యాదస్తుడు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఆలోచించాడు. జనం ఎందుకు చేరుతున్నారు? మాస్టారు అరుస్తున్నాడు కనక. మాస్టారు ఎందుకు అరుస్తున్నాడు? బట్టీ వల్ల. బట్టీ పోతే మాస్టారికి శాంతి, తనకి గేటు. ఒక పెద్దాయన బాధ చూడలేక చేస్తున్నానని తనకి తాను గట్టిగా నచ్చజెప్పుకుని, మునిసిపాలిటీకి అర్జీ పెట్టాడు. బట్టీ వల్ల వీధివాసులకి ఇబ్బందిగా ఉందని, అందరికంటే ముందు డ్రిల్లు మాస్టారు నష్టపోయారని, కావాలంటే ఆయన్నే అడగమని.

ఇన్‌స్పెక్టరు వచ్చి విచారణ చేస్తాడని కొట్టుకి నోటీసు అందింది. ఇబ్బంది నిజమేనని తేలితే బట్టీకి సీలు వేస్తారు. రొట్టెలావిడ దాన్ని నిలబడే చదివింది. చదివి, బట్టీ గదిలోకి వెళ్ళి, ఇంకా వేడిగా ఉన్న ఇటుకల మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది.

“నేను చెప్పానా?” అంది అత్తగారు గుమ్మంలోంచి.

“ఏం చెప్పారత్తయ్యా?”

“ఏమీ చెప్పలేదు. అదే తప్పయింది. ఆ మనిషిని ఎగదోసింది నేనే కదే.” ముసలావిడ గొంతులో వెటకారం లేకపోవడం రొట్టెలావిడకి నోటీసుకంటే ఎక్కువ భయం కలిగించింది.

మర్నాడు పొద్దున్నే ఆమె మాస్టారింటికి వెళ్ళింది. ఆయన గుమ్మంలో కూర్చుని టెలిస్కోపు గాజుని గుడ్డతో తుడుస్తున్నాడు. ఆమెని చూడగానే, “బట్టీ సంగతైతే సాయంత్రం. పొద్దున పూట నేను పోట్లాడను,” అన్నాడు.

“పోట్లాటకి రాలేదండీ. నోటీసొచ్చింది. బట్టీ మూసేస్తారట.”

“ఎవరు?”

“మునిసిపాలిటీ. మొట్టమొదట మీ పేరే ఉంది.”

గుడ్డ ఆగిపోయింది. ఆయన నోరు తెరిచాడు, మూశాడు. ఎప్పుడూ ఊరంతా వినపడే మనిషి దగ్గర ఒక్క మాట లేదు. రొట్టెలావిడ కాసేపు నిలబడింది. ఆ మౌనానికి ఒకే అర్థం ఉందనుకుంది. “సరేనండీ,” అని తిరిగి వచ్చేసింది. ఆ సాయంత్రం మాస్టారు కొట్టుకి రాలేదు. గెలిచినవాడికి పోట్లాడే అవసరమేముంది అనుకుంది ఆమె.

విచారణ రోజు సాయంత్రం వీధి వీధంతా కొట్టు ముందే ఉంది. ఇన్‌స్పెక్టరు తలెత్తి పొగగొట్టాన్ని చూశాడు. బట్టీ గది చూశాడు. పొగ ఎక్కడా లేదు. “మరి ఎవరికి ఇబ్బంది?” అన్నాడు.

జనంలో సగం మంది చేతుల్లో బన్నులున్నాయి. దర్జీ తన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

“మాస్టారూ, రండి,” అన్నాడు కార్యదర్శి ఆప్యాయంగా. “మీరేమీ మొహమాటపడకండి. రోజూ చెప్పేదే చెప్పండి.”

మాస్టారు ముందుకొచ్చాడు. మెడలో ఈల లేదు.

“ఈ బట్టీ వల్ల మీకు ఇబ్బందిగా ఉందా?” అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

మాస్టారు ఏదో అన్నాడు. ఎవరికీ వినపడలేదు. ఆయన మాట వినపడకపోవడం ఆ వీధిలో అదే మొదలు.

“ఏమన్నారండీ?”

“లేదన్నాను.”

కార్యదర్శి నవ్వబోయి ఆగిపోయాడు. “మాస్టారూ! మొన్నటిదాకా ప్రతి సాయంత్రం...”

“అరిచాను.”

“మరి ఇబ్బంది లేదంటారేంటండీ?”

“అరవడం వేరు, ఇబ్బంది వేరు.”

ఇన్‌స్పెక్టరు కలం మూత పెట్టేశాడు. “చూడండి, అర్జీలో మీ ఫోటోలన్నీ పాడైపోతున్నాయని రాశారు. రోజుకొక ఫోటో తెచ్చి చూపిస్తున్నారట. అవి ఇలా ఇవ్వండి.”

“ఒకటేనండీ. మొదటిరోజుది. దాన్నే తెస్తున్నాను.”

“తరవాత తీసినవి?”

మాస్టారు చెప్పులకేసి చూసుకున్నాడు. అప్పుడు గుంపు వెనకనుంచి ఆయన భార్య గొంతు వినపడింది. “అవి బాగా వచ్చాయి కనక తేలేదు. దారివ్వండి నాయనా.” ఆవిడ ముందుకొచ్చి చేతిలో కవరు ఇన్‌స్పెక్టరుకి ఇచ్చింది. “ఆ టెలిస్కోపు పెరట్లో ఈ మూలనుంచి ఆ మూలకి మార్చి ఎన్నాళ్ళో అయింది. అక్కడికి ఈ గొట్టం అడ్డమే రాదు. నేను బట్టలారేసుకునే తీగె ఉండేది అక్కడ. తీయించేశారు. అప్పట్నించీ తడిబట్టలు మంచం కోళ్ళకి కట్టుకుంటున్నాను. అర్జీ పెట్టవలసింది నేను. ఈ అమ్మాయి మీద కాదు.”

ఇన్‌స్పెక్టరు కవరులోంచి ఒక ఫోటో లాగి చూశాడు. గుండ్రటి గోడ మెట్లుమెట్లుగా దిగుతోంది. అడుగున కొండ, కొండ వెనక దాని నీడ, నీడ పదునైన మొనతో మైదానం మీద పడుకుని ఉంది. ఆయన దాన్ని దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళ తలలు కూడా దాని మీదికి వంగాయి. “ఇదేనా సార్ మీరు చెప్పేది? నిజంగానే ఉందా!” అన్నాడు దర్జీ. ఇన్నాళ్ళూ మాస్టారు చెప్పిందంతా సరదాకి నమ్మాడు కాబోలు.

“అడ్డం లేనప్పుడు రోజూ వచ్చి ఎందుకు పోట్లాడినట్టు?” అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఫోటో వదలకుండానే.

మాస్టారు ఎవరికేసీ చూడలేదు. “మొదటిరోజు నిజంగానే పోట్లాడానండీ. ఒళ్ళు మండే వచ్చాను. మర్నాడు జలుబు చేసి రాలేకపోయాను. మందుల షాపుకి వెళ్తూ ఇటు చూస్తే, ఈ అమ్మాయి నిండు ట్రేలు ఎలా తెచ్చిందో అలాగే లోపలికి మోసుకుపోతోంది. ముందురోజు నేను అరిస్తే నలుగురు చేరారు, చేరినవాళ్ళు కొన్నారట. సరే, గొంతుంది కదా, ఖాళీగా ఇంట్లో ఉండేకంటే...” అక్కడితో ఆపేశాడు. వెంటనే గుర్తొచ్చినట్టు, “కానీ అమావాస్య రోజు రాకుండా ఉండాల్సింది,” అన్నాడు.

అత్తగారు గల్లాపెట్టె మీద చెయ్యి వేసి, “మేం ఈయన్ని వాడుకుంటున్నామనుకున్నానే!” అంది కోడలితో. రొట్టెలావిడకి నవ్వొచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది. చెంగుతో ముఖం తుడుచుకోవడానికి బట్టీ వేడి ఒక సాకుగా పనికొచ్చింది.

ఇన్‌స్పెక్టరు కాగితం మీద ఏం రాయాలో కాసేపు తేల్చుకోలేకపోయాడు. చివరికి ఇబ్బంది లేదని రాసి సంతకం పెట్టాడు. కార్యదర్శి చిన్నబోయాడు గానీ, మర్యాదస్తుడు కనక మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ తరవాత అందరూ కలిసి, ఇన్‌స్పెక్టరుతో సహా, చంద్రుణ్ణి చూడడానికి మాస్టారి పెరట్లోకి వెళ్ళారు. కార్యదర్శి గేటు ముందు ఆ పూట ఒక్కరూ లేరు.

అంతా బాగానే ఉంది. కానీ మర్నాడు మాస్టారు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. రహస్యం బయటపడ్డాక ఏ మొహం పెట్టుకుని వెళ్ళి అరుస్తానని ఇంట్లో అన్నాడట. ఆయన భార్య వచ్చి బ్రెడ్డు కొనుక్కుంటూ చెప్పింది, ఈసారి ముందు గుమ్మంలోంచే. “ఉలుకూ పలుకూ లేదమ్మా. నిన్న కంచం ముందు కూర్చుని మెల్లగా కూర అడిగారు. నాకు భయమేసింది.”

కొట్టుకి గిరాకీ తగ్గలేదు. రుచి మరిగినవాళ్ళు వస్తూనే ఉన్నారు. కొనుక్కుని, వీధి చివరిదాకా ఒకసారి చూసి, “ఇవాళ కూడా లేదాండీ?” అని వెళ్ళిపోతున్నారు. పంక్చర్లవాడు బన్ను సగం తిని, సాయంత్రంలా లేదన్నాడు. రొట్టెలావిడకీ లేదు. బట్టీ మూతి దగ్గర గాలి వణుకుతోంది, మొదటి ట్రే లోపలికి వెళ్ళింది, అయినా ఎక్కడో ఏదో మొదలవనట్టుంది.

మూడోరోజు ఆమె పిండి చేతులు కడుక్కోకుండానే కొట్టు దిగింది. “ఎక్కడికే?” అంది అత్తగారు. “వస్తానుండండి,” అని మలుపు తిరిగి, మాస్టారి గేటు ముందుకి వెళ్ళి నిలబడింది. చుట్టూ చూసింది. ఆమె ఎప్పుడూ ఎవరిమీదా అరిచిన మనిషి కాదు. గొంతు సవరించుకుంది.

“మాస్టారూ! మీ చంద్రుడి మూలంగా నా వ్యాపారం పాడైపోతోంది! బన్నులకొచ్చినవాళ్ళంతా ఆకాశంకేసి చూస్తూ నిలబడుతున్నారు! వెంటనే ఆ చంద్రుణ్ణి ఆర్పెయ్యండి!”

కిటికీలు తెరుచుకున్నాయి. దర్జీ మిషను ఆగింది. లోపల ఏదో కుర్చీ పక్కకి జరిగిన చప్పుడైంది. తరవాత తలుపు తెరుచుకుని మాస్టారు గుమ్మంలో కనపడ్డాడు. ఆమెని చూశాడు, అప్పుడే పోగవుతున్న జనాన్ని చూశాడు, గుంపు వెనక ట్రే నెత్తిన పెట్టుకుని వస్తున్న అత్తగారిని చూశాడు. ఆయన ఛాతీ నెమ్మదిగా, పొంగుతున్న పిండిలా లేచింది.

“ఆర్పాలా? చంద్రుణ్ణా? అదేమన్నా నీ బట్టీ అనుకున్నావా, మీట నొక్కితే ఆరడానికి?” ఆ కేకకి గోడమీది పిల్లి కిందికి దూకింది. ఆయన గేటు దాకా విసవిసా నడిచొచ్చి, ముందుకి వంగి, ఆమెకి మాత్రమే వినపడేలా అన్నాడు:

“కడుపులోంచి రావాలమ్మా, గొంతులోంచి కాదు. చివరి ఇంటివాళ్ళింకా రాలేదు. ఏదీ, మళ్ళీ ఒకసారి అను.”